సందిగ్ధరహిత ధ్రువపత్రం, నంబరు ఒకటి

లోకంలో ఏ పనీ అనుకున్న సమయానికి జరగకపోవడానికి మూలకారణం ఏమిటో ఎట్టకేలకు తేలిపోయింది. బద్ధకం కాదు. సిబ్బంది కొరత కాదు. టీ తాగడానికి వెళ్ళినవాళ్ళు మర్నాడు తిరిగి రావడం అసలే కాదు. ఒకదానిలాగే ఇంకొకటి ఉండే ఇంగ్లీషు మాటలే ఇందుకు కారణమని పదకొండు మంది సభ్యుల సంఘం నాలుగేళ్ళు కూర్చుని కనిపెట్టింది. (కుర్చీలు రావడానికి రెండేళ్ళు పట్టింది కాబట్టి, నిజానికి రెండేళ్ళే కూర్చుంది.)

సంఘం ఊరికే అనలేదు, ఉదాహరణ చూపించింది. ఒక చిన్న ఆఫీసు తమకు కాగితాలూ పెన్నులూ గుండుసూదులూ కావాలని పై ఆఫీసుకు ఇంగ్లీషులో రాసింది. రాసినాయన ‘స్టేషనరీ’ అన్న మాటలో ఒక్క అక్షరం దగ్గర తడబడ్డాడు. తమను ఉన్నచోటే కదలకుండా ఉండనివ్వమని వాళ్ళు వేడుకుంటున్నారనుకుని పై ఆఫీసు అదే రోజు అనుమతి ఇచ్చింది. ఆనాటి నుంచి ఆ ఆఫీసు కదల్లేదు. (అంతకుముందు కదిలిందని కూడా ఎవరూ అనలేదు.)

ఇటువంటి విషాదాలు మళ్ళీ జరగకుండా జంటపదాల విభజన సంస్థ వెలిసింది. జనం దాన్ని పొట్టిగా విడాకుల ఆఫీసు అంటారు. నిజంగానే విడాకులు కావలసిన ఆలుమగలిద్దరు పొరపాటున అక్కడికి వచ్చి, మూడు రోజులు వరసలో నిలబడి, నాలుగోరోజు రాజీపడి ఇంటికి వెళ్ళిపోయారని చెబుతారు. సంస్థ తన అర్ధవార్షిక నివేదికలో దీన్ని విజయాల కింద చూపించుకుంది.

సంస్థ జారీ చేసిన మొదటి ఉత్తర్వు ఇది. ఉద్యోగంలో ఇంగ్లీషు వాడే ప్రతి ఒక్కరూ తమ వంతు రాగానే పరీక్షకు వచ్చి సందిగ్ధరహిత ధ్రువపత్రం తీసుకోవాలి. అంటే, ఒక మాటను చూసి ఇంకో మాట అనుకునే జబ్బు తమకు లేదని కాగితం. అది లేనివారిని ఇంగ్లీషుతో అవసరం లేని పనికి మారుస్తారు.

ఈ పరిస్థితుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు, టీచరమ్మ ఇంట్లో వాదన మొదలై అప్పటికి నలభై నిమిషాలైంది.

“బీపీ నాది. నా ఒంట్లో ఉంది. అది ఇంగ్లీషెలా అవుతుంది?” అన్నది అత్తగారు.

టీచరమ్మ చేతిలో దరఖాస్తు ఫారం ఉంది. సందిగ్ధం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందేమోనని సంఘానికి అనుమానం కలగడంతో, తొమ్మిదో గడిలో ఇంట్లో ఎవరెవరు ఎన్ని ఇంగ్లీషు మాటలు వాడతారో రాయాలి. అత్తగారి పేరు ఎదురుగా గడి ఇంకా ఖాళీగా ఉంది.

“సున్నా రాయి. నాకు ఇంగ్లీషు రాదని చుట్టుపక్కల అందరికీ తెలుసు.”

“అత్తయ్యా, పొద్దున లేస్తూనే మోటారు స్విచ్చి వెయ్యమన్నారు. గ్యాస్ కట్టెయ్యమన్నారు. మీ టాబ్లెట్లు ఎక్కడున్నాయని అడిగారు.”

“మరి స్విచ్చిని స్విచ్చి అనక ఏమంటారు?”

“అదే కదా నేనూ చెప్పేది.”

“టెన్షన్ కూడా రాయమ్మా,” అంది బుజ్జి. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న ఈ మనవరాలే ఒక పాత నోటు పుస్తకంలో గీతలు గీస్తూ లెక్క పెడుతోంది. “నానమ్మ రోజుకు పదిసార్లంటుంది.”

“టెన్షన్ మా అమ్మకీ ఉండేది. ఆవిడేమన్నా ఇంగ్లీషావిడా?”

టీచరమ్మ భర్త వైపు తిరిగింది. ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. పగలంతా అద్దాలు మార్చి మార్చి పెట్టి, “ఇది బాగుందా, ఇది బాగుందా?” అని అడగడం ఆయన పని. రెండూ ఒకేలా ఉన్నాయని అందరూ చెబుతారు. ఆ విసుగు తీరడానికి ఇంటికి వచ్చాక ఫోను చూసుకుంటాడు.

“ఏమండీ, మీరైనా చెప్పండి. వింటున్నారా?”

“ఆఁ. వినపడుతోంది.”

“ఏం రాయమంటారు?”

“సున్నా రాసెయ్. ఎవడొచ్చి చూస్తాడు?”

ఇరవై రెండేళ్ళుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్న టీచరమ్మ, తెలిసి తెలిసి తప్పు రాయడమనే పని ఇంతవరకు చెయ్యలేదు. ఇతరులు రాసిన తప్పులకు ఎర్రసున్నా చుట్టడమే ఆవిడకు అలవాటు. బుజ్జి నోటు పుస్తకం తెప్పించుకుని చూసింది. ఆయనవి ముప్ఫై ఒకటి. అత్తగారివి నలభై మూడు. (బుజ్జి మాటల విషయంలో ఫారం వెనక ఒక వెసులుబాటు ఉంది. కాలేజీ పిల్లలు వాడే తెలుగు మాటలు లెక్కపెట్టి, మొత్తంలోంచి తీసివేస్తే చాలు.) టీచరమ్మ నలభై మూడు అని రాసి సంతకం పెట్టింది. తర్వాత కాగితం తిప్పి చూస్తే, నలభై మాటలు దాటినవారు దరఖాస్తుదారుతో పాటు స్వయంగా హాజరై మౌఖిక పరీక్ష ఇవ్వాలని సన్నటి అక్షరాల్లో ఉంది.

“అంటే నన్ను ఆఫీసుకు పిలిపిస్తున్నావు,” అన్నది అత్తగారు నెమ్మదిగా. “డెబ్భై రెండేళ్ళొచ్చాక, కోడలు నా మీద కంప్లైంటు రాసింది.”

“నలభై నాలుగు,” అంది బుజ్జి.

పరీక్ష సోమవారం. శని, ఆదివారాలు టీచరమ్మ సంస్థవారి మార్గదర్శిని ముందేసుకుని కూర్చుంది. అందులో నూట పన్నెండు జంటలున్నాయి. ఆవిడకు తెలియని జంట ఒక్కటీ లేదు. అయినా మళ్ళీ మొదటి పేజీకి తిప్పింది. ఇంగ్లీషు అవసరం లేని పని అంటే తన బడిలో ఏమిటో ఆవిడకు బాగా తెలుసు. మెట్ల కింద సుద్దముక్కల గది ఉంది. కిటికీ లేదు. రెండేళ్ళ కింద డ్రాయింగు మాస్టారిని వేరే ఏదో ధ్రువపత్రం లేదని అందులో కూర్చోబెట్టారు. డబ్బాలు లెక్కపెట్టడం, మూతలు పెట్టడం, దగ్గడం ఆయన విధులు. సాయంత్రం ఆయన బయటికొస్తే, కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి.

ఆ గదిలోంచి చూస్తే తరగతి కనపడదు. ఆరో తరగతిలో వెనక బెంచీ పిల్ల ఒకతె ఏడు నెలలు నోరు విప్పకుండా కూర్చుని, మొన్న మంగళవారమే లేచి నిలబడి ఇంగ్లీషులో “ఎందుకు?” అని అడిగింది. ఏ పాఠం గురించో కూడా చూసుకోలేదు. ఊరికే అడిగింది. టీచరమ్మ ఆ రోజు ఇంటికి వస్తూ రెండు వీధులు దాటిపోయింది, తన వీధి చూసుకోకుండా. ఆ పిల్ల రెండో ప్రశ్న అడిగే రోజుకు తాను మెట్ల కింద మూతలు పెడుతూ ఉంటానేమోనన్నదే ఆవిడ భయం.

సోమవారం పొద్దున అత్తాకోడళ్ళు ఆఫీసు చేరేసరికి వరస గేటు దాటి బయటికొచ్చింది. అత్తగారు చేతిలో మందుల ప్లాస్టిక్ కవరూ, మంచినీళ్ళ సీసా తెచ్చుకుంది. కోడలితో శుక్రవారం నుంచి మాటలు లేవు. ఏమన్నా కావలసివస్తే పక్కనున్నవాళ్ళతో చెప్పి చెప్పిస్తోంది. వరసలో ముందున్న పోస్టుమాన్ పొద్దున్నుంచి ఈ వార్తాహరుడి పని చేస్తున్నాడు.

“నీడలోకి జరగమంటున్నారండీ మీ అత్తగారు.”

“ఆవిడనే ముందు జరగమనండి.”

“మీరే జరగాలటండీ. రాత్రి మీకు తలనొప్పి వచ్చిందట.”

లోపల రెండు కిటికీలున్నాయి. ఒకదాని మీద విచారణ అనీ, రెండోదాని మీద సమాచారం అనీ బోర్డులున్నాయి. టీచరమ్మ మొదటి కిటికీ దగ్గర ఆగి, మౌఖిక పరీక్ష ఎక్కడ జరుగుతుందని అడిగింది.

“అడిగారు కదా. ఇక్కడి పని అయిపోయింది,” అన్నాడు కిటికీ గుమస్తా. “జవాబు పక్క కిటికీలో ఇస్తారు.”

ఆవిడ పక్క కిటికీకి జరిగింది. గుమస్తా లేచి, కుర్చీ కింద చెప్పులు వెతుక్కుని, తొడుక్కుని, పక్క కిటికీ వెనక కుర్చీలో కూర్చున్నాడు.

“ఏం కావాలి మేడమ్?”

“మౌఖిక పరీక్ష ఎక్కడో చెప్పండి.”

“అడగడం ఇక్కడ కాదండీ. అడిగేసి వచ్చారా?”

“ఇప్పుడే కదా మిమ్మల్నే అడిగాను.”

“అక్కడ అడిగింది ఇక్కడ నాకు తెలియకూడదు మేడమ్. రూలు. ఆ సీట్లో ఉన్నప్పుడు నేను విచారణ. ఈ సీట్లో సమాచారం. ఒకదాన్నొకటి కలిపేస్తే ఇక ఈ ఆఫీసు ఎందుకు?”

అతను చెప్పినదానిలో తప్పు పట్టడానికి ఆవిడకేమీ దొరకలేదు. చివరికి తేలినదేమిటంటే, టీచరమ్మ విచారణ దగ్గర నిలబడి అడిగితే, సమాచారం దగ్గర నిలబడిన అత్తగారికి అతను కుర్చీ మారి జవాబు చెబుతాడు. దీనివల్ల మూడు రోజుల తర్వాత అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసి వచ్చింది.

“ఏమన్నాడత్తయ్యా?”

“మేడ మీద. నీది మొదటి గది. నాది రెండోది. ముందు నీది.” కాస్త ఆగి, “మోకాళ్ళు నొప్పి. చెయ్యి పట్టుకో,” అన్నది.

రాతపరీక్ష గదిలో ముప్ఫై మంది ఉన్నారు. ఇరవై ప్రశ్నలు. ప్రతి ప్రశ్న కింద రెండు మాటలు. విడిగా ఇచ్చిన జవాబు పత్రంలో సరైన మాట గడిలో టిక్కు పెట్టాలి. గంట మోగగానే టీచరమ్మ ప్రశ్నపత్రం తెరిచింది.

మొదటి రెండు ప్రశ్నలూ సజావుగానే ఉన్నాయి. మూడో ప్రశ్నలో వాక్యానికి క్రియ లేదు. సంచీలోకి చెయ్యి వెళ్ళింది. (వెళ్ళమని ఆవిడ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళ నుంచి ఆ చెయ్యి ఇటువంటి సందర్భాల్లో తనంతట తానే వెళుతుంది.) బయటికి వచ్చినప్పుడు ఆ చేతిలో ఎర్రపెన్ను ఉంది.

ఏడో ప్రశ్న కింద రెండుసార్లూ ఒకే మాట ఉంది. దాని చుట్టూ సున్నా చుట్టింది. పన్నెండో ప్రశ్నకు ప్రశ్నే లేదు, జవాబులు మాత్రం ఉన్నాయి. పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది. పదిహేనోది బాగా కుదిరింది. నిష్పక్షపాతంగా ఒక టిక్కు పెట్టి పక్కన ‘బాగుంది’ అని రాసింది. అలా చివరిదాకా వెళ్ళి, మార్కులు కూడి, పైన ఇరవైకి పదకొండు అని వేసి, కింద అలవాటు ప్రకారం తెలుగులో రాసింది. ‘శ్రద్ధ చాలదు. చేతిరాత ఫరవాలేదు. తల్లిదండ్రుల సంతకంతో తీసుకురావాలి.’

దాని కింద పొడి సంతకం పెట్టి, తేది వేసి, తృప్తిగా మడిచింది. గంట మోగింది.

అప్పుడు బల్ల మీద తన జవాబు పత్రం కనపడింది. తెల్లగా, మంచి ఇస్త్రీ చొక్కాలా ఉంది. ఒక్క టిక్కు కూడా లేదు. ఏమన్నా అనేలోపే కాగితాలు తీసుకునేవాడు రెండూ పట్టుకుని పోయాడు.

టీచరమ్మ బయట బల్ల మీద అత్తగారి పక్కన కూర్చుంది.

“ఎలా రాశావు?”

“రాయలేదు అత్తయ్యా.”

“ఏం, పెన్ను లేదా?”

“ఉంది. వాళ్ళ పేపరు దిద్దాను.”

టీచరమ్మ కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆవిడకు సుద్దముక్కల గది తలుపు చప్పుడు అక్కడికే వినిపిస్తోంది. అత్తగారు మందుల కవరులోంచి మడిచిన జేబురుమాలు తీసి ఇచ్చింది.

“ఎన్నొచ్చాయి వాళ్ళకి?”

“పదకొండు.”

“నువ్వు మంచిదానివి కాబట్టి వేశావు,” అన్నది అత్తగారు, ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

రెండో గదిలో విభజనాధికారి ఉన్నాడు. సన్నగా, మర్యాదగా, చేతిలో రూళ్ళ పుస్తకంతో. అభ్యర్థి వయసు రీత్యా కోడలిని పక్కన కూర్చోనిచ్చాడు. అత్తగారు కూర్చుంటూనే ఆయన ముఖంలోకి పరిశీలనగా చూసింది.

“ఆ కళ్ళజోడు మావాడి షాపులోదే. ఎడమవైపు కాడ వంకర. తీసుకురా నాయనా, సరిచేయిస్తాను.”

అధికారి కళ్ళజోడు తడుముకున్నాడు. ఆయన ఏడాదిగా తన తలే వంకరనుకుంటున్నాడు.

“అమ్మా, మౌఖిక పరీక్షలో మేమే రెండు మాటల అర్థాలూ తెలుగులో చెబుతాం. తేడా మీరు చెప్పాలి. మొదటిది. ‘ఎక్స్‌క్యూజ్ మీ’, ‘సారీ’. రెండూ క్షమించమని అడగడమే. తేడా ఏమిటి?”

“కాలు తొక్కకముందు ఒకటి. తొక్కాక ఒకటి.”

అధికారి జవాబుల పుస్తకం చూశాడు. అందులో ఈ తేడాకు పేజీన్నర వివరణ ఉంది. చదివాడు. మళ్ళీ చదివాడు. టిక్కు పెట్టాడు.

“‘బారో’, ‘లెండ్’. రెండూ అరువు సంగతే.”

“మా నిచ్చెన పక్కింటివాళ్ళ దగ్గరుంది. మేం ఇచ్చామని మాకు గుర్తుంది. వాళ్ళకు గుర్తులేదు. గుర్తున్నవాడిది ఒక మాట, గుర్తులేనివాడిది ఒక మాట.”

టీచరమ్మ తల పైకెత్తింది. ఈ జంటను ఆవిడ ఏటేటా రెండు బాణాలు, ఒక బొమ్మతో నాలుగు పీరియడ్లు చెబుతుంది.

“‘జాబ్’, ‘వర్క్’. ఉద్యోగం, పని.”

“ఉద్యోగం కోడలికి ఉంది. పని ఇద్దరికీ ఉంది.”

“‘హియర్’, ‘లిజన్’. రెండూ చెవికి సంబంధించినవే.”

“మావాడికి వినపడుతుంది. వినడు.”

అధికారి పెన్ను ఆగింది. ఆయన గొంతు సవరించుకుని, ఇంటి దగ్గర తన గురించి కూడా ఎవరో ఈ మాటే అన్నట్టు గోడ వైపు చూశాడు. తర్వాత చివరి ప్రశ్న అడిగాడు.

“అమ్మా, మీరు మాట్లాడుతుండగా ఒకేలా ఉన్న రెండు మాటలు అడ్డం వచ్చాయనుకోండి. ఏది ఎంచుకుంటారు?”

“రెండూ వదిలేసి నాకొచ్చిన మాట మాట్లాడతాను. మధ్యలో ఆగిపోతే ఎదుటివాడికి విసుగు.”

విభజనాధికారి రూళ్ళ పుస్తకం తిరగేశాడు. పద్నాలుగో రూలు ప్రకారం, సందిగ్ధపడటానికి మనిషికి కనీసం ఒక జంటలోని రెండు మాటలూ తెలిసి ఉండాలి. ఆ అభ్యర్థికి ఆ సౌకర్యం లేదు. తేడాలు మాత్రం అన్నీ తెలుసు. ఇటువంటి స్థితిని చేరుకోవడమే ఆశయమని సంఘం ముందుమాటలో రాసుకుంది, ఎవరూ చేరుకుంటారని అనుకోలేదు.

సంస్థ మొదలై ఏడు నెలలైంది. అప్పటివరకు ఉత్తీర్ణులైనవారు లేరు. (సిబ్బంది కూడా రాశారు. అందుకే విషయం బయటికి రాలేదు.) అల్మరాలోంచి ధ్రువపత్రాల కట్ట తీసి, దుమ్ము దులిపి, నంబరు ఒకటి చింపి ఇచ్చారు. అత్తగారు దాన్ని నాలుగు మడతలు పెట్టి, మందుల కవరులో బీపీ బిళ్ళల పక్కన పెట్టుకుంది.

అప్పుడే కిందనుంచి గుమస్తా ఎర్రగా దిద్దిన ప్రశ్నపత్రం రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఆఫీసులో ఎర్రసిరా వాడే అధికారం ప్రధాన సంచాలకులకు మాత్రమే ఉంది. కాబట్టి ఎర్రసిరాతో రాసిన ఏ మాటైనా ఉత్తర్వు కింద లెక్క. ఎవరు రాశారన్నది చూడరు, రంగే చూస్తారు. వారంలోగా అమలు చెయ్యాలి. ప్రశ్నపత్రం తయారుచేసినది విభజనాధికారే.

ఆయన కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. కింది సంతకాన్ని దరఖాస్తులోని సంతకంతో పోల్చి చూసి, టీచరమ్మ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇద్దరి సంతకాలూ కావాలాండీ? నాన్నగారు లేరు.”

“అమ్మగారిది చాలు,” అంది టీచరమ్మ. ఆవిడ నోటికి కూడా చేతికున్న జబ్బే ఉంది.

“అమ్మ వేరే ఊళ్ళో ఉంటుంది. వెళ్ళిరావాలి. పదకొండని చూస్తే ఏమంటుందో.”

“పదిహేనోది చూపించండి. బాగుందని రాశాను.”

“అవును. చూశాను,” అన్నాడాయన. ఆయన ముఖంలో ఆ క్షణంలో వచ్చిన వెలుగు, ఆ ఆఫీసులో ఎవరూ ఎవరి ముఖంలోనూ అంతవరకు చూడలేదు.

విభజనాధికారి మంగళవారం నుంచి సెలవు పెట్టి వెళ్ళాడు. శుక్రవారం తిరిగి వచ్చాడు. ప్రశ్నపత్రం వెనక ఆయన తల్లి సంతకం, దానికి పైన ఒక మాట ఉన్నాయి. ‘చిన్నప్పటి నుంచీ ఇంతే. ఒక దెబ్బ వేసినా ఫరవాలేదు.’ దీన్ని ఫైల్లో పెట్టి, దెబ్బ ఎవరు వెయ్యాలన్న విషయం మీద పై ఆఫీసు సలహా కోరారు.

శనివారం సాయంత్రం బడి పెద్ద మాస్టారు స్వయంగా ఉత్తరం తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. సంస్థ రాసిన ఉత్తరం మూడు పేజీలుంది. సారాంశం ఇది. టీచరమ్మ జవాబు పత్రం ఖాళీగా ఉన్నప్పటికీ, ప్రశ్నపత్రమే ఫెయిలైనందున ఆవిడను ఫెయిలైనట్టు పరిగణించడానికి వీల్లేదు. ప్రశ్నపత్రం ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్షకు కూర్చుని పాసైతే, ఆ తర్వాత ఆవిడ దానికి జవాబులు రాయవచ్చు. అంతదాకా ఆవిడకు ధ్రువపత్రం లేనట్టే. ధ్రువపత్రం లేనివారు సోమవారం నుంచి తరగతిలో అడుగుపెట్టరాదు.

టీచరమ్మ రెండో పేజీ చివరిదాకా చదివి ఉత్తరం బల్లమీద పెట్టేసింది. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలు మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. బుజ్జి వెళ్ళి పక్కన నిలబడింది.

“అమ్మా, సుద్దగదికి మాస్కు కొందామా?”

“కొందాం.”

“ఆరు నెలలే కదమ్మా.”

“ఆ పిల్ల ఏడు నెలలకు ఒక ప్రశ్న అడిగిందే. మళ్ళీ అడిగేసరికి నేనుండాలి కదా.”

ముందుగదిలో అత్తగారు బల్ల మీది ఉత్తరం తీసుకుంది. పోస్టుమాన్‌తో ఆ వరసలో ఏర్పడిన స్నేహం కొద్దీ, అతను అటుగా పోతుంటే పిలిచి, మూడు పేజీలూ చదివించుకుంది. మూడోది కోడలు చదవకుండా వదిలేసిన పేజీ. ఇరవై ఆరో రూలు, చిన్న అక్షరాలు. ధ్రువపత్రం లేనివారు, ధ్రువపత్రం ఉన్నవారి ప్రత్యక్ష పర్యవేక్షణలో విధులు కొనసాగించవచ్చు. పర్యవేక్షకులకు బడిలో కుర్చీ, మంచినీళ్ళు సమకూర్చవలెను. అర్హులైనవారి జాబితా ఉత్తరానికి జతచేయడమైనది.

జాబితాలో ఒక్క పేరే ఉంది.

రాత్రి భోజనాలకు నలుగురూ కూర్చున్నారు. టీచరమ్మ కంచంలో వేలితో గీతలు గీస్తోంది. ఆయన ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేత్తో తింటున్నాడు. అత్తగారు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

“సోమవారం నుంచి నేను బడికి వెళుతున్నాను,” అన్నది, రేపు దుప్పట్లు ఉతకాలన్నంత మామూలుగా. “ఆరో తరగతికి. కోడలు కూడా నాతో వస్తుంది.”

బుజ్జి చేతిలోని ముద్ద అక్కడే ఆగింది. టీచరమ్మ అత్తగారి వైపు చూసింది. అత్తగారు మందుల కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి, కంచం పక్కన పెట్టింది.

“వెనక బెంచీలో కూర్చుంటాను. ఆ పిల్ల పక్కన. నువ్వు పాఠం చెప్పుకో, నేను అడ్డం రాను. ఎక్కడన్నా మరీ సాగదీస్తే మాత్రం దగ్గుతాను.”

“అత్తయ్యా,” అంది టీచరమ్మ. ఆ పైన ఏ మాట ఎంచుకోవాలో ఇరవై రెండేళ్ళ అనుభవంలోనూ తోచలేదు. లేచి వెళ్ళి, మోకాళ్ళ నూనె సీసా తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది.

“మరి నానమ్మా, మధ్యాహ్నం వంట?” అంది బుజ్జి.

“దానికి ధ్రువపత్రం అక్కర్లేదని పోస్టుమాన్ చేత మూడు పేజీలూ వెతికించాను. ఎక్కడా లేదు. పొద్దున మేమిద్దరం మా డబ్బాలు మేం కట్టుకుని పోతాం. నీకు కాలేజీ ఉంది. షాపు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చేది మీ నాన్న ఒక్కడే. వండుకోవలసింది వాడే.” కొడుకు వైపు తిరిగింది. “ఏరా, విన్నావా?”

“ఆఁ. సరేనమ్మా,” అన్నాడాయన, ఫోనులోంచి తలెత్తకుండా.

వినపడింది. వినడం మాత్రం సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆయన వంటింట్లో ఒక్కొక్క గిన్నె మూతా తీసి చూస్తున్నప్పుడు జరిగింది.